పన్ను మనది, పద్దు ఎవరిది?

చీరాల-పేరాల నుంచి గుంటూరు ఆనందపేట దాకా... మునిసిపాలిటీల గడప ముందు సామాన్యులు కూడగట్టుకున్న బలం, కూడగట్టలేకపోయిన బలం

నాలుగు వేలు కాస్తా నలభై వేలయింది. గొడవంతా అక్కడ మొదలైంది.

చీరాల, పేరాల, జాండ్రపేట, వీరరాఘవపేట నాలుగూ కలిపి అప్పట్లో ఒక యూనియన్. ఏడాది తిరిగేసరికి వసూలయ్యే పన్ను నాలుగు వేల రూపాయలు. అందులోంచి చీరాల, పేరాలలను విడదీసి మునిసిపాలిటీ చేస్తామని 1919లో మద్రాసు ప్రభుత్వం నిశ్చయించింది. జనాభా పదిహేను వేలు. ఎక్కువమంది మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని పూట గడుపుకునే నేతవాళ్ళు, చిన్నకారు రైతులు, చిల్లర వర్తకులు. మునిసిపాలిటీ అయితే పన్ను నలభై వేల దాకా పోతుందని లెక్క తేలింది. పదింతలు కట్టాక నీళ్ళూ దీపాలూ కూడా పదింతలు వస్తాయా అని జనం అడిగారు. అవునన్నవాడు లేడు.

అర్జీలు పెట్టారు, వినలేదు. పన్ను కట్టం పొమ్మన్నారు. కేసులు పెట్టారు, కొందరు జైలుకు పోయారు, వాళ్ళలో ఒక స్త్రీ కూడా ఉంది. కౌన్సిల్ సభ్యులు రాజీనామాలు ఇచ్చి బయటికొస్తే, ప్రభుత్వం తన మనుషులతోనే మునిసిపాలిటీని నడిపించింది. పన్ను వేసేవాడూ, వసూలు చేసేవాడూ, ఖర్చు రాసేవాడూ ఒకడే అయ్యాడు.

ఈ అలజడికి ఒక రూపం తెచ్చింది దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. పెనుగంచిప్రోలులో పుట్టి, ఎడింబరోలో ఎం.ఏ. చేసి, రాజమండ్రిలోనూ బందరులోనూ పాఠాలు చెప్పి, ఉద్యోగాల్లో ఇమడలేక చీరాల చేరిన మనిషి. జనం ఆంధ్రరత్న అన్నారు. రామదండు పేరుతో స్వచ్ఛంద సేవకుల దళాన్ని తయారుచేశారు. భజన, చాటువు, వెటకారం ఆయన ఆయుధాలు. చదువురాని వాళ్ళ చేత పన్నుల లెక్క మాట్లాడించాలంటే ఇంగ్లీషు అర్జీలు చాలవని ఆయనకు బాగా తెలుసు.

1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశాలు ముగిశాక, ఏప్రిల్ 6న గాంధీ చీరాల వచ్చారు. రెండు దారులున్నాయని చెప్పారు. పన్ను నిరాకరించి, వచ్చిన కష్టాన్ని శాంతంగా భరించడం ఒకటి. మునిసిపాలిటీ హద్దులు దాటి వెళ్ళిపోవడం రెండోది. హద్దుల్లో మనుషులే లేకపోతే పన్ను ఎవరి మీద వేస్తారు? జనం రెండో దారే పట్టారు.

హద్దు దాటగానే పాకలు లేచాయి. రామనగర్ అని పేరు పెట్టుకున్నారు. ఊళ్ళో ఇళ్ళకు తాళాలు పడ్డాయి. తగవులు తీర్చుకోవడానికి సొంత పంచాయతీ పెట్టుకున్నారు, ఊరి మంచిచెడ్డలు తామే చూసుకున్నారు. ఒకటీ రెండూ కాదు, దాదాపు పదకొండు నెలలు. పాకలోకి మారిన నేతగాడికి వానొస్తే ఒళ్ళు తడవడం చిన్న సంగతి. పడుగు తడిస్తే ఆ వారం కూలి పోయినట్టే. అలాంటి వాళ్ళు ఒక వేసవీ, ఒక వానాకాలమూ, ఒక చలికాలమూ అక్కడే గడిపారు.

చివరికి ఓడిపోయారు. డబ్బు అయిపోయింది. నిధుల కోసం తిరుగుతున్న దుగ్గిరాల, బరంపురంలో నిషేధాజ్ఞను లెక్కచేయకుండా మాట్లాడి అరెస్టయ్యారు. ఏడాది శిక్ష, తిరుచిరాపల్లి జైలు. ఆయన లేని రామనగర్ 1922లో మెల్లమెల్లగా ఖాళీ అయింది. జనం తిరిగి ఊళ్ళోకి వచ్చారు. 1928లో దుగ్గిరాల కన్నుమూసేనాటికి ఆయనకు నలభై ఏళ్ళు కూడా నిండలేదు.

పాఠ్యపుస్తకాల్లో ఇది స్వాతంత్ర్య పోరాటంలో ఒక పేరా. పెదనందిపాడు పన్నుల నిరాకరణకు ముందుమాటలాగా వస్తుంది, పోతుంది. కానీ కాస్త దగ్గరికెళ్ళి చూస్తే ఇది అచ్చంగా మునిసిపల్ తగాదా. ఆ జనం సామ్రాజ్యాన్ని కూలుస్తామని బయలుదేరలేదు. మా పన్ను ఎంతో, దానికి బదులు మాకు వచ్చేదేమిటో మాతో కూర్చుని తేల్చండి అన్నారు. వందేళ్ళు దాటినా ఉమ్మడి గుంటూరు, ప్రకాశం జిల్లాల పట్టణాల్లో ఆ తగాదా తేలలేదు.

ఇక్కడ ఒక చిక్కుముడి ఉంది, దాన్ని దాటేసి పోకూడదు. రామనగర్ పాకలు లేచేనాటికి మద్రాసులో ఉన్నది జస్టిస్ పార్టీ మంత్రివర్గం. స్థానిక స్వపరిపాలన శాఖ పానగల్లు రాజా రామరాయణింగారి చేతిలో ఉంది. పేరులోనే న్యాయం పెట్టుకున్న పార్టీ. అదే 1921లో ఉద్యోగాల్లో బ్రాహ్మణేతరులకు, ముస్లింలకు, అణగారిన కులాలకు వాటా కోసం కమ్యూనల్ జీవో తెచ్చిన ప్రభుత్వం. సామాజిక న్యాయానికి తలుపు తీసిన ఆ చేతులే చీరాల నేతవాళ్ళ మీద అంతకుముందే పడిన పన్నును దించకుండా ఉంచాయి. న్యాయం సచివాలయంలో ఒకలా, వీధిలో ఇంకోలా కనిపించడం ఈనాటి సంగతి కాదు.

బిందె ఎత్తిన చెయ్యి

చీరాలకు ఇంకో వలస కథ ఉంది. ఈసారి జనం చీరాల నుంచి బయటికి పోలేదు, బయటి నుంచి చీరాలలోకి వచ్చారు.

కారంచేడు చీరాలకు కూతవేటు దూరం. 1985 జులై 16న అక్కడ మాదిగపల్లె మంచినీళ్ళ చెరువు దగ్గర గొడవైంది. తాగే నీళ్ళ దగ్గర ఊళ్ళోని ఆధిపత్య కులంవాళ్ళు గేదెల కుడితి బకెట్ కడుగుతుంటే పల్లె కుర్రవాడొకడు అడ్డుచెప్పాడు. అతని మీద చెయ్యి చేసుకోబోతే, నీళ్ళకొచ్చిన మున్నంగి సువార్త అడ్డుపడి బిందె ఎత్తింది. మర్నాడు, జులై 17న, పల్లె మీద దాడి జరిగింది. ఆరుగురు మాదిగలు హతమయ్యారు. ఆడవాళ్ళ మీద అత్యాచారాలు జరిగాయి. మిగిలినవాళ్ళు పరుగున చీరాల చేరి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు.

ఆ శిబిరం నెలల తరబడి నడిచింది. కత్తి పద్మారావు, బొజ్జా తారకం వంటివాళ్ళ నాయకత్వంలో దళిత మహాసభ పుట్టింది ఆ వేడిలోనే. హక్కుల సంఘాలు, విద్యార్థులు, రచయితలు, చర్చి మనుషులు, చిన్న ఉద్యోగులు ఒక్కచోట చేరారు. బాధితులు వెనక్కి కారంచేడు పోమన్నారు. చివరికి చీరాలలోనే విజయనగర్ కాలనీ వెలిసింది. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపినప్పుడు అక్కడివాళ్ళు అలాగే తెనాలి చేరారు. మధ్యలో, 1989లో, ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. కారంచేడు ప్రస్తావన లేకుండా ఆ చట్టం చరిత్ర చెప్పలేం. చుండూరు కేసు విచారణకు ఆ ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టించారు. 2007 జులై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ శిక్షలన్నీ కొట్టేసింది.

ఇదంతా పల్లె కథ కదా, పట్టణ పాలనకేం సంబంధం అనొచ్చు. సంబంధం ఉంది. ఈ మైదానంలో పల్లె తరిమినవాళ్ళకు పట్టణమే గతి అయింది. కారంచేడు, చుండూరు పేపర్లకెక్కాయి. పేపర్లకెక్కని చిన్నచిన్న అవమానాలతో, అప్పులతో, పత్తి పురుగుతో, కరువుతో పల్లె విడిచినవాళ్ళు ఎందరో. వాళ్ళు తెనాలి, నరసరావుపేట, చిలకలూరిపేట, ఒంగోలు శివార్లలో, గుంటూరు పాతబస్తీ చుట్టూ గుడిసెలు వేసుకున్నారు. మిర్చి యార్డులో హమాలీలయ్యారు, జిన్నింగ్ మిల్లుల్లో కూలీలయ్యారు, కోల్డ్ స్టోరేజీల దగ్గర తొడిమలు తీసే ఆడకూలీలయ్యారు. చీపురు పట్టి మునిసిపాలిటీ పనికి కుదిరారు. పల్లెలో చెరువు దగ్గర మొదలైన తగాదా పట్టణంలో కుళాయి దగ్గరికి మారింది.

కార్పొరేటరే లేని పదకొండేళ్ళు

గుంటూరు 1866లోనే మునిసిపాలిటీ. 1994లో కార్పొరేషన్ అయింది. 2005 తర్వాత ఆ నగరానికి కార్పొరేషన్ ఎన్నిక మళ్ళీ జరిగింది 2021లోనే. ఐదేళ్ళకోసారి ఎన్నికలు తప్పనిసరి అని రాజ్యాంగ 74వ సవరణ 1993 నుంచి చెబుతూనే ఉంది. 2010లో కౌన్సిల్ గడువు ముగిసింది. ఆ తర్వాత చుట్టుపక్కల పల్లెల విలీనం, దాని మీద కోర్టు వ్యాజ్యాలు, ఏదో ఒక సాకు. ఆరున్నర లక్షల మందికి పదకొండేళ్ళు ప్రత్యేకాధికారులే దిక్కు. ఒంగోలుదీ అదే వరస. 2012లో కార్పొరేషన్ బోర్డు మారింది, తొలి ఎన్నిక కోసం 2021 మార్చి దాకా ఆగాల్సి వచ్చింది.

కార్పొరేటర్ ఉంటే ఏం ఊడబొడుస్తాడు అని నవ్వేవాళ్ళున్నారు. ఉన్నవాళ్ళ తీరు చూస్తే ఆ నవ్వుకు కారణం లేకపోలేదు. అయినా 2018 మార్చి గుర్తుచేసుకుందాం. గుంటూరు ఆనందపేటలోనూ చుట్టుపక్కల పేటల్లోనూ ఇంటికొకరు వాంతులు, విరేచనాలతో పడిపోయారు. ప్రభుత్వాసుపత్రి మంచాలు నిండిపోయాయి. పది మందికి పైగా చనిపోయారు. తాగేనీటి గొట్టాల్లో మురుగు కలిసింది. ఆ వీధుల జనం ముందే చెప్పలేదా అంటే, ఎవరికి చెప్పాలి? వాళ్ళ వార్డుకు ఎన్నికైన మనిషే లేడు. కమిషనర్ ఆఫీసు మెట్లెక్కి సోమవారం అర్జీ ఇవ్వాలి. సోమవారం కూలి మానుకోవాలి.

మురుగు గొట్టంలోకి ఎలా చొరబడుతుందో తెలిస్తే ఇందులో న్యాయం సంగతి ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. పాతపేటల్లో మంచినీటి గొట్టాలు చాలాచోట్ల పక్క కాలువల్లోంచే పోతాయి. ఇంటికిచ్చిన కనెక్షన్ గొట్టం కాలువను దాటాల్సిందే. ఇనుము తుప్పుపట్టి చిల్లులు పడుతుంది. ఇరవై నాలుగ్గంటలూ నీళ్ళు నిండుగా ఉంటే ఆ చిల్లుల్లోంచి నీరు బయటికి చిమ్ముతుందే తప్ప మురుగు లోపలికి రాదు. కానీ నీళ్ళొదిలేది రోజుకు గంటో రెండు గంటలో. మిగతా వేళ గొట్టం ఖాళీ. అప్పుడు బయటి మురుగు లోపలికి ఇంకుతుంది. మర్నాడు నీళ్ళు వదలగానే ముందుగా కుళాయిలోంచి దూకేది ఆ మురుగే. పైగా స్తోమతున్న ఇళ్ళవాళ్ళు గొట్టానికే మోటారు బిగిస్తారు. ఆ లాగుడుకు చిల్లుల్లోంచి ఇంకాస్త మురుగు లోనికొస్తుంది.

నాగార్జునసాగర్ కుడికాలువ కింద చివరి ఆయకట్టు రైతుకు ఈ బాధ వేరే చెప్పక్కర్లేదు. పైవాళ్ళు తడుపుకోగా మిగిలిందే అతనికి. కుళాయికి కూడా చివరి ఆయకట్టు ఉంది. తక్కెళ్ళపాడులో శుద్ధిచేసి క్లోరిన్ కలిపిన నీరు బ్రాడీపేట దాకా బాగానే వస్తుంది. గొట్టం చివరికి చేరేసరికి నీటి ఒత్తిడీ తగ్గుతుంది, క్లోరిన్ బలమూ తగ్గుతుంది. ఆ చివర ఉండేది ఎవరో చెప్పనక్కర్లేదు. తొడిమలు తీయడానికి పోయే ఆడవాళ్ళను ఎక్కించుకునే ఆటో తెల్లవారుజామున వస్తుంది. కుళాయి కూడా అదే వేళకు వస్తుంది. మొదటి నీళ్ళు కాసేపు వదిలేసి తర్వాతవి పట్టుకోండని కరపత్రంలో రాస్తారు. ఆటో ఆగుతుందా?

2024 ఫిబ్రవరిలో గుంటూరు మళ్ళీ అతిసారంతో ఆసుపత్రి పాలైంది, మళ్ళీ ప్రాణాలు పోయాయి. అప్పటికి కౌన్సిల్ ఉంది, 57 మంది కార్పొరేటర్లున్నారు. కాబట్టి ఎన్నికలు పెడితే సరిపోతుందనే వాదన కూడా నిలవదు. భూగర్భ డ్రైనేజీ కోసం కేంద్రం డబ్బు ఇచ్చింది, రోడ్లు తవ్వారు, పని మధ్యలో ఆగింది. తవ్విన చోట మంచినీటి గొట్టాలు పగిలాయని వీధి వీధీ చెబుతుంది. ఏ గొట్టం ఎక్కడుందో తెలిపే పటం వీధివాడి కంటికి కనపడదు.

చీపురు పట్టినవాళ్ళు

తెల్లవారకముందే రోడ్ల మీద ఉండేవాళ్ళు ఇంకొకరున్నారు. పారిశుద్ధ్య కార్మికులు. ఈ జిల్లాల్లో ఈ పనిలో ఉన్నవాళ్ళు చాలావరకు మాదిగలు, రెల్లి కులస్థులు, యానాదులు. పర్మినెంట్ ఉద్యోగాలు ఏనాడో తగ్గిపోయాయి. కాంట్రాక్టరు కింద పని, ఆ తర్వాత 2020లో ఆప్కాస్ అనే ప్రభుత్వ సంస్థ కింద ఔట్‌సోర్సింగ్. కాంట్రాక్టరు కమీషన్ బాధ తప్పింది గానీ, పని ఎప్పుడూ ఉండేదే, మనిషి మాత్రం తాత్కాలికం. ఊళ్ళో చెత్త తాత్కాలికం కాదు కదా.

2023 డిసెంబర్ 26న రాష్ట్రమంతా మునిసిపల్ కార్మికులు సమ్మెకు దిగారు. గుంటూరు, ఒంగోలు, తెనాలి, చీరాల అన్నీ అందులో ఉన్నాయి. సీఐటీయూ, ఏఐటీయూసీ, ఐఎఫ్‌టీయూ వంటి సంఘాలు ముందు నిలిచాయి. సమాన పనికి సమాన వేతనం, 26 వేల కనీస వేతనం, పర్మినెంట్ చేయడం ప్రధాన డిమాండ్లు. సమాన వేతనం మాట సంఘాలు కనిపెట్టింది కాదు. తాత్కాలిక ఉద్యోగులకూ అది వర్తిస్తుందని 2016 అక్టోబరులో జగ్జీత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. రెండు వారాలు దాటి సమ్మె నడిచింది. సంక్రాంతి ముంగిట సర్దుబాటు జరిగింది. జీతం 15 వేలు, ఆరోగ్య భత్యం 6 వేలు, కలిపి 21 వేలు అన్న లెక్క నిలిచింది. పర్మినెంట్ మాట మళ్ళీ వాయిదా పడింది. ఆ భత్యం కూడా అంతకుముందు సమ్మెలు చేసి నిలబెట్టుకున్నదే, ఎవరూ పిలిచి ఇవ్వలేదు.

ఆ రోజుల్లో అపార్ట్‌మెంట్ల ముందు చెత్త కుప్పలు పడ్డాయి. ముక్కు మూసుకున్నవాళ్ళు చాలామంది. సమ్మె శిబిరానికొచ్చి కూర్చున్నవాళ్ళు కొద్దిమంది. ఈ వ్యాసం అసలు చెప్పదలచుకున్నది అక్కడే ఉంది.

ఇదే పనివాళ్ళ కోసం తెలుగు నేల మీద ఒక పెద్ద కూటమి కట్టినవాళ్ళున్నారు. కోలారు బంగారు గనుల పారిశుద్ధ్య కార్మికుల తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్, రిటైరైన ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ వంటివాళ్ళతో కలిసి 1990లలో సఫాయి కర్మచారీ ఆందోళన్ మొదలుపెట్టారు. ఆంధ్ర జిల్లాల్లో ఎక్కడెక్కడ చేత్తో మలం ఎత్తే మరుగుదొడ్లున్నాయో లెక్క తీశారు. లేవని రాసిచ్చిన అధికారుల ముందు ఫొటోలు పెట్టారు. అధికారులు కూల్చకపోతే కార్మికులే గునపాలు పట్టారు. 2003లో సుప్రీంకోర్టుకెళ్ళారు. 2013లో కొత్త చట్టం, 2014 మార్చిలో తీర్పు వచ్చాయి. మురుగుగుంటలో ప్రాణం పోతే పది లక్షల పరిహారం అన్న కోర్టు, 2023 అక్టోబరులో దాన్ని ముప్ఫై లక్షలు చేసింది. విల్సన్‌కు 2016లో మెగసెసే అవార్డు వచ్చింది. అవార్డు మాట అటుంచితే, ఆ ఉద్యమం దగ్గర నేర్చుకోవాల్సింది దాని పద్ధతి. నినాదానికి ముందు లెక్క తీశారు. అధికారి కాగితానికి ఎదురుగా తమ కాగితం పెట్టారు.

ఢిల్లీ అప్పు, గల్లీ పన్ను

2020 నవంబరులో రాష్ట్రం మునిసిపల్ చట్టాలు సవరించింది. అద్దె విలువ మీద వేసే ఆస్తి పన్నును ఆస్తి మూలధన విలువ మీదకు మార్చింది. ఏటా పెంపు 15 శాతం మించదన్నారు. అంటే 15 శాతం దాకా ఏటా పెరగొచ్చని అర్థం. 2021 ఏప్రిల్ నుంచి అమలు. అదే ఏడాది అక్టోబరు 2న క్లీన్ ఆంధ్రప్రదేశ్ వాహనాలొచ్చాయి, వాటి వెనకే ఇంటింటి వాడుక రుసుము వచ్చింది. జనం దాన్ని చెత్త పన్ను అన్నారు. ఆ పేరు అతికినట్టు సరిపోయింది.

ఇది ఎవరు నిర్ణయించారు? గుంటూరు కౌన్సిలా, ఒంగోలు కౌన్సిలా? ఆ చట్టం వచ్చేనాటికి రెండు నగరాలకూ కౌన్సిళ్ళే లేవు. అసలు తీగ ఢిల్లీలో ఉంది. కోవిడ్ ఏడాది కేంద్రం రాష్ట్రాలకు అదనపు అప్పు పరిమితి ఇస్తూ కొన్ని సంస్కరణల షరతులు పెట్టింది. ఆస్తి పన్నును రిజిస్ట్రేషన్ విలువలకు ముడిపెట్టడం, నీరు, మురుగు సేవలకు ఖర్చు రాబట్టే రుసుములు వేయడం వాటిలో ఉన్నాయి. ఆ షరతు ముందుగా పూర్తిచేసిన రెండు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 2,525 కోట్ల అదనపు అప్పుకు అనుమతి దొరికింది. 1919లో పన్ను లెక్క మద్రాసులో తేలింది, 2020లో ఢిల్లీలో తేలింది. కట్టేవాడు మాత్రం ఎప్పుడూ వీధిలోనే ఉన్నాడు.

అయితే ఈసారి ఒక మార్పు కనిపించింది. చెత్త పన్ను మీద పన్ను చెల్లింపుదారుల సంఘాలూ మాట్లాడాయి, బస్తీ మహిళలూ మాట్లాడారు, వామపక్షాలూ ప్రతిపక్షాలూ మాట్లాడాయి, చెత్త ఎత్తే కార్మికుల సంఘాలూ మాట్లాడాయి. పెన్షన్ల కోసం వార్డు సచివాలయం మెట్లెక్కే ముసలమ్మ దగ్గరి నుంచి అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శి దాకా ఒకే మాట. అది ఎన్నికల మాటగా మారింది. 2024 అక్టోబరు 2న మచిలీపట్నంలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు చెత్త పన్ను రద్దు ప్రకటించారు.

పన్ను కట్టేవాడూ, చెత్త ఎత్తేవాడూ ఒకే గట్టున నిలిచిన అరుదైన సందర్భం అది. మామూలుగా వాళ్ళు రెండు గట్ల మీద ఉంటారు. పన్ను చెల్లింపుదారుల సంఘాల్లో రిటైరైన అధ్యాపకులు, బ్యాంకు ఉద్యోగులు, ప్లీడర్లు. వాళ్ళకు జీవోలు నోటికొచ్చు, సమాచార హక్కు దరఖాస్తు రాయడం చేతనవును. పేటల్లో సంఘాలకు జనం ఉన్నారు, ఆకలి ఉంది, కోపం ఉంది; కాగితం లేదు. మొదటివాళ్ళు పన్ను తగ్గించమంటారు. రెండోవాళ్ళు మా వీధికి ఖర్చు పెట్టమంటారు. రెండూ ఎదురుబొదురు కోరికలని అధికారులు చాలా తేలిగ్గా చెప్పేస్తారు. పద్దు చూడకుండానే మనం నమ్ముతాం.

పద్దు చూసే వీలు చట్టంలో ఉంది. మూడు లక్షలు, ఆపైన జనాభా ఉన్న నగరాల్లో వార్డు కమిటీలుండాలని రాజ్యాంగం 243ఎస్ అధికరణం చెబుతుంది. గుంటూరు ఈ లెక్కలోకి వస్తుంది. 2011 జనాభా ప్రకారం ఒంగోలు రాదు. 2008లో ఉమ్మడి రాష్ట్రం వార్డు కమిటీలకు, వాటి కింద ఏరియా సభలకు చట్టం చేసింది. అదీ కేంద్ర పట్టణ నిధుల షరతు కోసం చేసిందే! సభ్యుల్ని జనం ఎన్నుకోవడం కాకుండా నామినేట్ చేసే పద్ధతి పెట్టారు. దాంతో అవి ఉన్నచోట పార్టీ మనుషుల కుర్చీలయ్యాయి, మిగతాచోట్ల కాగితం మీదే ఉండిపోయాయి. 2019 అక్టోబరు నుంచి వార్డు సచివాలయాలు వచ్చాయి. మంచిదే, ధ్రువపత్రం కోసం కార్పొరేషన్ చుట్టూ తిరిగే బాధ తగ్గింది. కానీ సచివాలయం ఉద్యోగిని వీధికి దగ్గర చేసింది. వీధిని నిర్ణయానికి దగ్గర చేయలేదు.

బ్రెజిల్‌లోని పోర్టో అలెగ్రే నగరంలో 1989 నుంచి పేటల జనం ప్రాంతాలవారీగా సభలు పెట్టి, నగర బడ్జెట్లో కొత్త పనుల డబ్బు ఎక్కడ పెట్టాలో తేల్చుకున్నారు. అక్కడ ముందుగా అడిగినవి రంగు దీపాలు కావు, మురుగు గొట్టాలు. మన దక్షిణాదిలోనే కేరళ 1996లో ప్రజాప్రణాళిక నడిపింది. దూరపు కొండలు నునుపే, వాటికీ లోపాలున్నాయి. అయినా ఒక సంగతి మాత్రం ఆ రెండు చోట్లా తేలింది: కాలువ పక్క ఇంట్లో ఉన్నవాడిని అడిగితే డబ్బు ముందు ఆ కాలువకే పోతుంది.

ఇక్కడి కూటములు ఓడేది ఎక్కడో చీరాలే చూపించింది. వేలమంది కదిలారు, త్యాగానికి లోటు లేదు. కానీ ఒక్క మనిషి జైలుకెళ్ళగానే కథ ఆగిపోయింది. కారంచేడు శిబిరం నిలిచింది, ఎందుకంటే నాయకులతోపాటు కేసు కాగితాలు చూసే ప్లీడర్లు, వంట చేసే మనుషులు, చందాలు వసూలు చేసే కుర్రవాళ్ళు వేర్వేరుగా తయారయ్యారు. గుంటూరులో అతిసారం వచ్చినప్పుడల్లా అన్ని పార్టీల నాయకులూ ఆసుపత్రికొస్తారు. వార్డులు ఖాళీ అయ్యాక ఆ వీధిలో మిగిలే సంఘం ఉండదు. దుగ్గిరాలలాంటి మనిషి మళ్ళీ పుడతాడని ఎదురుచూడటం కంటే, పేటకు ఇద్దరు పద్దు చదవగల ఆడవాళ్ళను తయారుచేయడం నయం. పొదుపు సంఘాల పుస్తకాలు రాసే చేతులు ప్రతి వీధిలోనూ ఉన్నాయి. ఎస్సీ ఉపప్రణాళిక చట్టం 2013లో వచ్చింది కూడా అలా లెక్కలు పట్టుకుని తిరిగిన సంఘాల వల్లే. పదేళ్ళ గడువు ముగిసేముందు 2023 జనవరిలో దాన్ని మరో పదేళ్ళు పొడిగించుకున్నారు. ఆ డబ్బులో మన పేటకు ఎంత వచ్చిందో అడిగినవాళ్ళు మాత్రం వేళ్ళమీద లెక్కపెట్టేంత మంది.

2021 మార్చిలో కొలువుదీరిన కౌన్సిళ్ళ ఐదేళ్ళ గడువు 2026 మార్చితో సరి. పోయినసారి గుంటూరులో గడువుకూ ఎన్నికకూ మధ్య పదకొండేళ్ళ ఖాళీ వచ్చింది. మళ్ళీ ఎన్నిక వచ్చేలోపు ఆనందపేటలోనో సంగడిగుంటలోనో అడగాల్సినవి పెద్దవేమీ కావు. ఏ మంచినీటి గొట్టం ఏ కాలువలోంచి పోతోందో చూపే పటం వార్డు సచివాలయం గోడ మీద అంటించాలి. గొట్టం చివరి ఇంట్లో తీసిన క్లోరిన్ పరీక్ష ఫలితం పక్కనే రాయాలి. ఈ ఏడు ఆ వార్డులో వసూలైన పన్నెంతో, అక్కడే ఖర్చయిందెంతో కింద వేయాలి. ఎవరూ దరఖాస్తు పెట్టకపోయినా ఇలాంటి సమాచారం తనంతట తానే బయటపెట్టాలని 2005 సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ ప్రతి కార్యాలయాన్నీ ఆదేశిస్తోంది.